పుట్ట లేని చోట

శంషాబాద్ చౌరస్తాలో బస్సు ఆగీ ఆగకముందే అనుపమ కిటికీలోంచి చూసింది. ఫ్లైఓవర్ స్తంభం పక్కన, మొక్కజొన్న కంకులు కాల్చే బండికి ఇవతల, జంగమ్మ ఎప్పుడూ కూర్చునే చోట జనం మూగి ఉన్నారు. వాళ్ల మధ్యలో తన మరిది శేఖర్ ఉన్నాడు. అతను కాలెత్తలేదు, చెయ్యీ ఎత్తలేదు. వంగి, జంగమ్మ గంప అంచు రెండు చేతులా పట్టుకుని, గింజలు ఆరబోసే మనిషిలాగా తీరిగ్గా బోర్లించాడు. మోదుగాకుల మీద పేర్చిన పుట్టగొడుగులు తెల్లగా రోడ్డు మీద దొర్లాయి. ఒక ఆటో వాటి మీదుగా పోయింది. జంగమ్మ లేవలేదు, అరవలేదు. దొర్లిపోతున్న ఒకదాన్ని మాత్రం చెయ్యి చాపి పట్టుకుని, మన్ను తుడిచి, ఒళ్లో పెట్టుకుంది.

దిగుదామా అని అనుపమ అనుకునే లోపే బస్సు కదిలింది. ఆమె ఒళ్లో ఉన్న సంచిలో, కాగితం కవర్లో, రెండు పుట్టగొడుగులు ఉన్నాయి. నిన్న జంగమ్మ దగ్గర కొన్న వాటిలోంచని, కాలేజీ కోసం అత్త కవర్లో వేసి ఇచ్చినవి.

నిన్న శ్రావణ సోమవారం. ఇంట్లో నీసు లేదు కాబట్టి పుట్టగొడుగుల కూర, వాళ్ల మాటలో కొక్కుల కూర, వండారు. అత్త ఈరమ్మ ఒక్కపొద్దు ఉండి ముట్టలేదు. మిగతా వాళ్లంతా తిన్నారు. పొద్దు వాలేసరికి మామ కొండల్‌కు వాంతులు పట్టుకున్నాయి, ఆ వెనకే విరేచనాలు. దవాఖానకు తీసుకుపోయేసరికి మనిషి నిలబడలేకపోయాడు. ఏం తిన్నాడని డాక్టరు అడిగితే కొక్కుల కూర అని ఈరమ్మ చెప్పింది. శేఖర్‌కు ఆ ఒక్క మాట చాలింది.

అనుపమ ఎమ్మెస్సీ బోటనీ రెండో ఏడు చదువుతోంది. ఈసారి వాళ్లకు శిలీంధ్రాల పేపరు ఉంది. ఎవరి ఊరి పుట్టగొడుగులను వాళ్లే తెచ్చి, అవి ఏ కుటుంబానికి చెందినవో, ఏ ప్రజాతిలోకి వస్తాయో, ఆఖరికి ఏ జాతో తేల్చాలి. పాఠం చెప్పే ప్రసన్నలక్ష్మి మేడం రాజమండ్రి వైపు ఆవిడ. మాట మెత్తగా, స్పష్టంగా ఉంటుంది. మొదటి రోజే ఆవిడ, శిలీంధ్రం చెట్టూ కాదు, జంతువూ కాదు, దాని రాజ్యం దానిదే అని చెప్పింది. లెక్క చూస్తే చెట్టుకన్నా మనకే అది దగ్గరి చుట్టం అంది. అనుపమ ఆ మాటను ఇంటికి మోసుకొచ్చి అత్తకు చెబితే, ఈరమ్మ చాటలో బియ్యం చెరగడం ఆపి, అయితే శ్రావణంలో తినొచ్చా తినొద్దా అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు ఇంకా దొరకలేదు.

ల్యాబులో అనుపమ కవరు విప్పింది. రెండూ తెల్లగా, అరచేయంత గొడుగులతో, అక్కాచెల్లెళ్లలాగా ఉన్నాయి. ఒకటి కొంచెం లేతది. బ్లేడుతో కాడలు కోసింది. సగం తెలుపు, సగం నలుపు ఉన్న కాగితం మీద, గొడుగు అడుగున ఉండే సన్నటి మడతలు, మొప్పలు, కిందికి వచ్చేలా వాటిని పరిచింది. ఒక్కో దాని నెత్తిన ఒక్కో నీటి చుక్క వేసి, గాజు గిన్నె బోర్లించింది. పొద్దున్నకు మొప్పల సందుల్లోంచి సిద్ధబీజాలు రాలి, కాగితం మీద గొడుగు ముద్ర పడుతుంది. ఆ ముద్ర రంగును బట్టి సగం దారి తెలుస్తుంది. లేతప్పుడు అన్నిటి మొప్పలూ తెల్లవే కాబట్టి పైచూపును నమ్మొద్దని మేడం ఎప్పుడూ అంటుంది.

మర్నాడు మొదటి గిన్నె ఎత్తితే లేత గులాబీ రంగు ముద్ర, శంఖం లోపలి రంగులాగా. చెదపురుగులు పుట్టలో పెంచుకునే జాతి అదే. అనుపమ రెండో గిన్నె ఎత్తింది. ముద్ర ఆకుపచ్చగా ఉంది. ఎండిన గోరింటాకు పొడిని వేలితో అద్దినట్టు, గీతలు గీతలుగా. పుస్తకంలో చదివింది గానీ ఎన్నడూ చూడలేదు. పచ్చటి ముద్ర వేసే పెద్ద గొడుగు ఒక్కటే ఉంటుందని, తిన్నవాళ్లకు కడుపు దేవేస్తుందని అందులో రాసి ఉంది. ముందు ఆమెకు సంతోషమే కలిగింది. మంచంలో పడ్డ మామ ఆ తర్వాత గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆ సంతోషంలోనే ఫోటో తీసుకుని ఇంటికొచ్చి చూపించింది. కొండల్ అప్పటికి దవాఖాన నుంచి వచ్చి, అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ఫోటో చూసి, "నీసు తినొద్దని కొక్కులు తింటె గవ్వే నన్ను తిన్నయి" అని నవ్వాడు. శేఖర్ నవ్వలేదు. వదిన చేతిలోంచి ఫోను తీసుకుని ఆ ఫోటోను తన ఫోనుకు పంపుకుని, కాలనీ గ్రూపులో పెట్టాడు. కింద, మా వదిన యూనివర్సిటీలో పరీక్ష చేసింది, ఆ జంగమ్మ అమ్మేది విషం, ఎవరూ కొనకండి అని రాశాడు. జర ఆగు అని అనుపమ అనేలోపే దండాలు పెట్టే బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి.

ఆ సాయంత్రం కంకుల బండి దగ్గర అడిగితే, జంగమ్మను అక్కడ కూర్చోనివ్వడం లేదని తెలిసింది. ఆమె పక్కనుంటే తన కంకులు కూడా ఎవరూ ముట్టడం లేదని బండివాడే పొమ్మన్నాడట. వానాకాలం ఆ కొన్ని వారాలే ఆమెకు గిరాకీ. తుక్కుగూడ అవతల పుట్టలు వెతికి, తెల్లారేసరికి గంప నింపుకుని వచ్చే మనిషి ఇప్పుడు ఎటు పోయిందో ఎవరికీ పట్టలేదు.

తను తేల్చింది నిజమే కదా, మరి ఎందుకు మనసు నిలవడం లేదు? అనుపమ పడుకున్నా అదే ఆలోచన. కూర ఒక్క గిన్నెలోదే. తను రెండుసార్లు వడ్డించుకుంది. భర్త రాఘవేందర్ గిన్నె అడుగు తుడుచుకుని తిన్నాడు. శేఖర్ తిన్నాడు. మామకు మాత్రమే ఎందుకైంది? రాఘవేందర్‌ను అడిగితే, ఎయిర్‌పోర్టు కార్గోలో మధ్యాహ్నం డ్యూటీకి బూట్లు తొడుక్కుంటూ, బాపుకు వయసైంది అని తేల్చేశాడు. అనుపమకు తేలలేదు.

మరుసటి రోజు మేడం రెండు ముద్రలనూ భూతద్దం కింద చూసి మెచ్చుకుంది. తర్వాత, ఇవి ఎక్కడ దొరికాయని అడిగింది. తుక్కుగూడ దగ్గర పుట్ట మీద అని అనుపమ చెప్పింది.

"రెండూనా?"

"అవును మేడం."

"నువ్వు చూశావా, విన్నావా?"

మేడం రెండో దాని కాడను పట్టకారుతో ఎత్తి చూపించింది. కాడ మీద కంకణంలాంటి పట్టీ ఉంది, వేలితో నెడితే పైకీ కిందికీ జరుగుతోంది. అడుగు ఉల్లిగడ్డలా ఉబ్బి ఉంది. వేరు లేదు. ఇది పుట్టలో పుట్టేది కాదమ్మా, దీనికి చెదలతో పనే లేదు, ఎరువు వేసిన గడ్డి కావాలి అంది. వర్గీకరణ అంటే పేరు పెట్టడమే అనుకోకు, అది ఎక్కడ నిలబడి ఉందో చూడటం కూడా, అని కాడను మళ్లీ కవర్లో వేసి ఇచ్చింది. "వెళ్లి చూసి రా."

పొద్దున బస్సెక్కేటప్పుడు కంకుల బండివాడు ఎవరి నోటో విని చెప్పిన గుర్తుతో, అనుపమ కాలేజీ నుంచి బస్సు మారి పహాడీ షరీఫ్‌లో దిగింది. దర్గా మెట్లకు పోయే దారిలో గులాబీ రేకులు, ఊదుబత్తులు అమ్మేవాళ్ల చివర జంగమ్మ కూర్చుని ఉంది. గంప నిండుగానే ఉంది. అనుపమను చూడగానే గంప మీద గోనెపట్టా కప్పింది.

అనుపమ ఎదురుగా గొంతుక్కూర్చుని, కవర్లోంచి కాడ తీసి ఆమె అరచేతిలో పెట్టింది. జంగమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది, కంకణం జరిపి చూసింది, వాసన చూసింది. గోనెపట్టా కిందికి చెయ్యి పోనిచ్చి తన గంపలోంచి ఒకటి తీసింది. దాని కాడ కింద మూరెడు వేరు, మట్టి అంటుకుని, కొసకు సన్నబడి ఉంది. గునపం మొనతో పుట్టను గాయం చెయ్యకుండా ఆ వేరును లాగడానికి ఎంతసేపు పడుతుందో ఆ వేరును చూస్తేనే తెలుస్తుంది.

"నా గంపలది కాదు బిడ్డా" అంది జంగమ్మ. అని, ఆ కాడను ఇంకోసారి చూసి, "గట్లని అబద్ధం చెప్పను. గిది నాకు కనబడ్డా కోసుకుందును. మంచిగనే ఉన్నది" అంది.

నిజం దొరికిందని అనుపమ అనుకున్న చోటే, ఆ రెండో మాట ఆమెను ఆపింది. క్షమించమని అడగడానికి ఏదో అనబోయింది. జంగమ్మ గోనెపట్టా సర్దుతూ, "మీ మరిది గంప బోర్లిస్తుంటె బస్సుల కెల్లి చూస్తివి గద" అంది. కోపంగా కాదు. వాన వచ్చింది గద అన్నట్టు అంది.

తిరుగు బస్సులో అనుపమ ఆ కాడను గోటితో గీకుతూ కూర్చుంది. ఉబ్బిన అడుగున కొన్ని గడ్డిపోచలు అంటుకుని ఉన్నాయి. పొలాల గట్టు మీది గరిక కాదు. చాపలాగా చుట్ట చుట్టి లారీల్లో తెచ్చి పరిచే సన్నగడ్డి. అలాంటి గడ్డి విమానాశ్రయం రోడ్డుకు ఇరువైపులా ఉంటుంది, హోటళ్ల ముందర ఉంటుంది. ఇంకా వాళ్ల కాలనీ పార్కులో ఉంటుంది.

పొద్దుండగానే పార్కుకు పోయింది. ఊయలల వెనక, వానకు నిగనిగలాడే పచ్చిక మధ్యలో, తెల్లటి గొడుగులు గుండ్రంగా లేచి ఉన్నాయి. ఎవరో దారం పెట్టి గీసినంత గుండ్రం. పైన దిగుతున్న విమానం నీడ ఆ గుండ్రం మీదుగా జారిపోయింది. ఆమె మోకాళ్ల మీద వంగి ఒకదాని కింద చూసింది. ముదిరిన మొప్పలు పచ్చబారి ఉన్నాయి. దొరికిందన్న సంబరంతో తల ఎత్తేసరికి, ఆ గుండ్రం నడుమ పసుపు, కుంకుమ కనిపించాయి. పాలు పోసిన తడి ఆరి తెల్లగా చారలు కట్టింది. రెండు నారింజ రంగు మందారాలు వాడి ఉన్నాయి. ఆ రంగు మందారం కాలనీ అంతటా ఒక్క ఇంటి కుండీలోనే పూస్తుంది. అది వాళ్ల ఇల్లే.

ఆ రాత్రి ఏమీ అనలేదు. శుక్రవారం మధ్యాహ్నం, మగవాళ్లు ఎవరూ లేనప్పుడు, ఈరమ్మ పత్తి ముందేసుకుని వత్తులు చేస్తుంటే పక్కన కూర్చుని తనూ పత్తి విడదీస్తూ అడిగింది. ఈరమ్మ దాచలేదు. దాచాల్సింది ఉందని ఆమెకు తెలిస్తే కదా.

"కాలనీ కాకముందు గాడ మన పుట్టుండె బిడ్డా. నేను కాపురానికొచ్చిన సంది నాగుల చవితికి గాడనే పాలు పోసిన. జేసీబీ తెచ్చి సాపు చేసిన్రు. సోమవారం పొద్దుగాల పూలకని పోతె, గదే జాగల తెల్లగ లేచి ఉన్నయి. నాగమ్మ మల్ల వచ్చిందనుకున్న."

రెండింటిని నిప్పుల మీద ఉప్పూ కారంతో కాల్చి, దేవుడి ముందు పెట్టి, తను ఒక్కపొద్దు కాబట్టి మామకే ఇచ్చింది. ఇంకొకటి, కోడలి చదువుకు పనికొస్తుందని కవర్లో వేసింది.

"డాక్టరు అడిగినప్పుడు ఇది చెప్పలేదేం అత్తమ్మా?"

ఈరమ్మ ఆశ్చర్యంగా చూసింది. "ఏం తిన్నడని అడిగిండు. కూరని చెప్పిన. ప్రసాదాన్ని తిండి అంటరా ఎవలన్నా?"

అనుపమ మెల్లగా చెప్పింది. పుట్టలో చెదలు తోట వేసినట్టు ఒక బూజును పెంచుకుంటాయని, జంగమ్మ తెచ్చే గొడుగు ఆ తోటలోంచే వేరు చాచుకుని పైకి వస్తుందని. పుట్ట తీసేసి, మందు కొట్టి, పైన కొత్త మన్నూ కొత్త గడ్డీ పరిచాక అది రాదని. ఇప్పుడు లేచింది వేరే ఎక్కడి నుంచో, గాలికో ఎరువుతోనో వచ్చిన ఇంకో జాతి అని. పహాడీ షరీఫ్‌లో జంగమ్మ అన్న మాటలూ చెప్పి, ఫోనులో రెండు ముద్రలూ పక్కపక్కన చూపించింది. ఈరమ్మ చేతిలోని వత్తి సగం పేనినట్టే ఆగిపోయింది. "అయితే నేను పాలు పోసింది ఎవలకు?" అంది.

ఆ ప్రశ్న తన చదువులోది కాదు. అనుపమ ఫోను పక్కన పెట్టి, ప్రసాదం సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదని, జంగమ్మ గంపలో తప్పు లేదని తేలిందని గ్రూపులో పెడితే చాలని అంది. అత్త తలెత్తి కోడలి ముఖంలోకి చూసింది. మిగిలిన వత్తి పేని, పక్కన పెట్టి, దేవుడి గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

శనివారం పొద్దున్నే ఈరమ్మ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, శేఖర్‌ను లేపి బండి తియ్యమంది. ఎటు అని అడిగితే పహాడీ షరీఫ్ అంది. దారిలో ఆమె కొడుకుకు ఏం చెప్పిందో అనుపమకు తెలియదు. ఇద్దరూ పోయి ముగ్గురై వచ్చారు. శేఖర్ బండి మీద ముందర గంప, వెనక ఆటోలో ఈరమ్మ, జంగమ్మ. కాలేజీ సంచితో చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డ అనుపమ ఈసారి బస్సును పోనిచ్చింది.

జంగమ్మ తన పాత చోట కూర్చుంది. పక్కనే ఈరమ్మ కూలబడబోతే, జంగమ్మ ఆమె వైపు చూడకుండానే గోనెపట్టా సగం అటు జరిపింది. శేఖర్ ఎటు నిలబడాలో తెలియక స్తంభానికి ఆనుకున్నాడు. కంకుల బండివాడు విసనకర్ర ఆపి చూశాడు. కాలనీలో వీళ్ల వెనక వీధిలో ఉండే రుక్మిణమ్మ కూరగాయల సంచితో వచ్చి ఆగింది.

"ఏంది ఈరమ్మక్కా, కొండలన్నను దవాఖానల పడేసినయి గివేనట గద. మల్ల ఈడనే కూసున్నవేంది?"

చుట్టూ కొనేవాళ్లు చూస్తున్నారు. ఈరమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది.

"కాదు. ఆయన తిన్నయి నా చేతివి. పార్కుల గడ్డి మీద మొలిచినయి కోసి, కాల్చి, దేవునికి పెట్టి, ప్రసాదమని నేనే తినిపించిన. ఈమెవి ఇంటిల్లిపాది తిన్నం, మంచిగనే ఉన్నం. తప్పు నాది."

రుక్మిణమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. శ్రావణ మాసంలో, ఊరి మధ్యలో, మొగుణ్ణి దవాఖానకు పంపింది నేను పెట్టిన ప్రసాదమే అని ఒక ఇల్లాలు అనడం ఎవరు విన్నారు కనుక. ఈరమ్మ కొడుకు వైపు తిరిగి, గొంతు పెంచకుండానే, "నీ ఫోన్ల గా ఫోటో ఏసినవు గద. గిది గూడ ఎయ్యి. నా పేరు పెట్టే ఎయ్యి" అంది. శేఖర్ తల వంచుకుని ఫోను తీశాడు. చాలాసేపు టైపు చేశాడు, చెరిపాడు, మళ్లీ చేసి పంపాడు. తర్వాత ఫోను జేబులో పెట్టి, గంపలోంచి జారిన మోదుగాకులను సరిచేశాడు.

వెంటనే ఎవరూ ఎగబడి కొనలేదు. రుక్మిణమ్మ అయితే కొనకుండానే పోయింది. పొద్దెక్కాక ఒక డ్రైవరు కారు ఆపి కొన్నాడు, అతనికి ఈ కథేమీ తెలియదు. ఆ తర్వాత ఒకామె వచ్చి వేరు చూపించమని అడిగి చూసి కొంది. ఈరమ్మ ఎండ మొహం మీద పడుతున్నా లేవలేదు. ఆఖరికి తను కూడా కొంది. జంగమ్మ ఊరికే ఇవ్వలేదు, ఈరమ్మ ఊరికే తీసుకోలేదు. కాని ఆకులో చుట్టేటప్పుడు జంగమ్మ చెయ్యి గంప అడుగుకు పోయి, వేరు విరగని వాటిని ఏరింది.

ఇంటికొచ్చాక ఈరమ్మ, గిన్నె బోర్లించి చూసుడు నాకు గూడ నేర్పు అంది. ఒకటి జంగమ్మది, ఒకటి పార్కుది అని అనుకున్నారు. పార్కులో రెండోదాన్ని అనుపమ కోసింది, ఈరమ్మ పక్కన నిలబడింది. గుండ్రం నడుమ వాడిన పూలను వంగి తీసి, కొంగులో వేసుకుంది. ఆ గొడుగులకు దండం పెట్టలేదు, తొక్కనూ లేదు. గుండ్రం చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చింది.

వెనక వరండాలో, తెల్లకాగితం మీద, రెండు స్టీలు గిన్నెలు. నీటి చుక్క ఈరమ్మే వేసింది, తీర్థం వేసినంత జాగ్రత్తగా. గిన్నె తాకిన చేతులు సబ్బుతో కడుక్కోమని అనుపమ అంటే కడుక్కుంది. రంగు ఒక్కటే చూసి తినొద్దని, ఇది మొదటి గుర్తు మాత్రమేనని చెబితే తలూపింది. అరుగు మీంచి కొండల్, నన్ను అడిగితె కడుపు సంగతి నేను చెప్తుంటి గద, గిన్నెలెందుకు అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

ఆదివారం పొద్దున దేవుడి గదిలో దీపం వెలిగించకముందే ఈరమ్మ వరండాలోకి వచ్చింది. చప్పుడుకు అనుపమ కూడా లేచి వచ్చింది. ఈరమ్మ మొదటి గిన్నె ఎత్తింది. గులాబీ. రెండోది ఎత్తింది. తెల్లకాగితం మీద గోరింటాకు పొడితో తీర్చిన ముగ్గులాగా, నడిమధ్య నుంచి అంచు దాకా ఒక్క గీత తప్పకుండా, పచ్చటి ముద్ర. ఆమె గిన్నె చేతిలోనే పట్టుకుని, నడుము వంచి, చాలాసేపు దాన్ని చూసింది. కళ్లలో భయం లేదు, నొచ్చుకోవడమూ లేదు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలి ముఖం చూసినట్టు చూసింది.

"గింత మంచిగ గీసిందెవలు" అని తనలో తనే అనుకుంది. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"దీనికి పేరున్నదా?"

"ఉన్నది అత్తమ్మా. జర కష్టంగ ఉంటది."

"చెప్పు" అంది ఈరమ్మ, కాగితాన్ని ముద్ర చెదరకుండా రెండు చేతుల్లోకి తీసుకుంటూ. "గిది కనబడితె జంగమ్మ గూడ కోసుకుంటనన్నది గద. ఆమెకు చూపియ్యాలె."